స్కూలు తెరిచాక పిల్లల దినచర్య: 21 రోజుల లెక్క ఎక్కడ తప్పుతుంది

సెలవులు అయిపోవస్తుంటే చాలా ఇళ్లలో ఒకే రకం మాటలు వినిపిస్తాయి. "ఇంక లేటుగా లేవడాలు కుదరవు", "రేపట్నుంచి తొమ్మిదికల్లా పడుకోవాల్సిందే". మొదటి రెండు రోజులు కొత్త బ్యాగు, కొత్త పుస్తకాల హుషారులో ఎలాగో గడిచిపోతాయి. అసలు తంటా తర్వాత మొదలవుతుంది. లేపితే లేవరు, లేచినా కదలరు, రాత్రి పడుకోమంటే నిద్ర రావట్లేదంటారు. పెద్దలు దీనికి చెప్పుకునే కారణం ఒకటే: క్రమశిక్షణ లేదు. సలహాలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. 21 రోజులు గట్టిగా పట్టుబడితే చాలని ఒకరంటారు. గోడకు స్టార్ల చార్టు అంటించమని ఇంకొకరు, బహుమతుల జోలికే పోవద్దని మరొకరు.

ఈ సలహాల్లో పూర్తి అబద్ధాలు తక్కువే. ఏ సలహా దేనికి పనికొస్తుందో తెలియకపోవడంతోనే చిక్కు. పొద్దున లేవడం, బ్యాగు సర్దుకోవడం, వారం తర్వాత ఇవ్వాల్సిన ప్రాజెక్టును గుర్తుపెట్టుకోవడం మనకు ఒకే జాబితాలో పనుల్లా కనిపిస్తాయి. పిల్లల లోపల మాత్రం ఒక్కొక్కటి ఒక్కో చోట జరుగుతుంది.

ఒకే దినచర్యలో మూడు వేర్వేరు వ్యవహారాలు

మొదటిది ఒంటి గడియారం. ఎప్పుడు నిద్ర ముంచుకొస్తుంది, ఎప్పుడు ఆకలేస్తుంది, ఎప్పుడు బుర్ర చురుగ్గా ఉంటుంది అన్నవి దాని చేతిలో ఉంటాయి. అది వెలుగుకీ, రోజూ ఒకే వేళ పాటించడానికీ లొంగుతుంది. కేకలకు లొంగదు.

రెండోది అలవాటు. ఒక సందర్భం ఎదురవగానే ఆలోచించకుండా చేసేసే పని అది. ఇంట్లోకి రాగానే బూట్లు విప్పి పక్కన పెట్టడం లాంటిది. అలవాటుగా మారిన పనికి ఇష్టంతోనూ పట్టుదలతోనూ పెద్దగా పని ఉండదు.

మూడోది ముందుచూపు. రేపు ఏం కావాలో ఇవాళ ఆలోచించడం, ఒక పనికి ఎంతసేపు పడుతుందో అంచనా వేయడం, ఆట మధ్యలో ఆపి ఇంకో పనికి లేవడం. మెదడు ముందుభాగం చూసుకునే ఈ నేర్పు ఎదగడం ఇరవైల మధ్య వరకూ సాగుతూనే ఉంటుంది. ఏడేళ్ల పిల్లవాడు దీన్లో తడబడితే అది వయసుకు తగిన తడబాటే.

మూడూ మారే వేగం ఒకటి కాదు. ఒంటి గడియారం కొన్ని రోజుల్లో, మహా అయితే రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. అలవాటుకు నెలలు పట్టొచ్చు. ముందుచూపుకు ఏళ్లు కావాలి. "వాడికి ఇంకా రొటీన్ పట్టలేదు" అన్నప్పుడు ఏది పట్టలేదన్నది తేల్చుకోకపోతే మందు ఒకచోట, నొప్పి ఇంకోచోట అవుతుంది.

రాత్రి తొమ్మిదికి పడుకోబెడితే నిద్ర ఎందుకు రాదు

నిద్ర రావడానికి రెండు విషయాలు కలిసిరావాలని జ్యూరిక్‌లో పనిచేసిన శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించాడు. మెలకువగా ఉన్నకొద్దీ పేరుకునే నిద్ర ఒత్తిడి ఒకటి. ఏ వేళ హుషారు, ఏ వేళ మత్తు అని నడిపించే మెదడులోని గడియారం రెండోది. సాయంత్రం వెలుగు తగ్గాక ఈ గడియారం మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేయిస్తుంది. రాత్రయిందని ఒంటికి అందే కబురు అదే.

ఈ గడియారం ఒక చుట్టు తిరగడానికి సగటున 24 గంటల 11 నిమిషాలు తీసుకుంటుందని 1999లో హార్వర్డ్ పరిశోధకులు పెద్దవాళ్ల మీద లెక్కగట్టారు. ఆ కాస్త తేడాను రోజూ పొద్దుటి వెలుగు సరిచేస్తుంది. సెలవుల్లో ఆలస్యంగా లేస్తే ఆ వెలుగు ఆలస్యంగా అందుతుంది. రాత్రి లైట్లూ స్క్రీన్లూ దానికి తోడవుతాయి. కాబట్టి నిద్రవేళ ఆలస్యం కావడానికి ఎవరూ కష్టపడక్కర్లేదు, దాన్ని మళ్లీ తొందరగా జరపడానికే ఈ తంటాలన్నీ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదేళ్ల పాప సెలవుల్లో రాత్రి 11కి పడుకుని పొద్దున 8:30కి లేస్తోంది. అంటే తొమ్మిదిన్నర గంటల నిద్ర. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఆ లెక్కన పాప నిద్రలో లోటేమీ లేదు, తేడా అంతా వేళలోనే. స్కూలు తెరిస్తే 6:30కి లేవాలి, అంత నిద్రా దక్కాలంటే రాత్రి 9కి పడుకోవాలి. సరే, ఆదివారం రాత్రి 9కి లైటు తీసేశారు.

రోజూ నిద్రపోయే వేళకు ముందు రెండు మూడు గంటలు మెదడు విశ్రాంతి వైపు వెళ్లదు సరికదా, మామూలుకన్నా చురుగ్గా ఉంటుంది. ఇజ్రాయెల్ పరిశోధకుడు పెరెట్జ్ లావీ 1986లో దీనికి 'నిద్రకు నిషిద్ధ వేళ' అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. 11కి అలవాటు పడ్డ పాపకు 9 అంటే సరిగ్గా ఆ వేళే. దుప్పటి కింద కాళ్లు ఆడిస్తుంది. మంచినీళ్లు అంటుంది, బాత్రూం అంటుంది, రేపు క్లాసులో ఎవరి పక్కన కూర్చోవాలని అడుగుతుంది. అమ్మానాన్నలకు అది పేచీ. పాప చెప్పేది మాత్రం నిజం, నిద్ర రావట్లేదు. ఎలాగో 10:45కి కళ్లు మూతపడి 6:30కి లేపితే దక్కింది ఏడు గంటల ముప్పావు. సెలవుల నాటికంటే గంటా ముప్పావు తక్కువ. సోమవారం పొద్దున ఆ చిరాకులో నటన ఏమీ లేదు.

అదే మార్పును రెండు రోజులకు పావుగంట చొప్పున చేస్తే? జరపాల్సింది రెండు గంటలు, అంటే ఎనిమిది పావుగంటలు, మొత్తం 16 రోజులు. సెలవుల చివరి రెండు వారాల నుంచే మొదలుపెట్టాలన్న మాట వెనక ఉన్న లెక్క దాదాపు ఇదే. ఇంతకన్నా వేగంగా సర్దుకునే పిల్లలూ ఉంటారు, ముఖ్యంగా లేవగానే ఆరుబయట వెలుగు తగిలేవాళ్లు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పిల్లల్ని లేపడం మన చేతిలో ఉంది, నిద్రపుచ్చడం లేదు. లేచే వేళ స్థిరపడితే పొద్దుటి వెలుగు ఒకే వేళకు అందుతుంది, సాయంత్రానికి నిద్ర ఒత్తిడి తగినంత పేరుకుంటుంది, పడుకునే వేళ దాని వెంటే జరుగుతుంది. ఇళ్లలో గొడవంతా పడుకునే వేళ దగ్గరే జరుగుతుంది, పట్టు దొరికేది మాత్రం అవతలి చివర.

రాత్రి వెలుగు చిన్నపిల్లల మీద ఎంత పనిచేస్తుందో చూపే ప్రయోగం ఒకదాన్ని 2018లో కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని పడుకునే ముందు గంటసేపు బాగా ప్రకాశవంతమైన వెలుగులో ఆడుకోనిచ్చారు. వాళ్ల మెలటోనిన్ సుమారు 88 శాతం పడిపోయింది. వెలుగు తీసేశాక కూడా వెంటనే కోలుకోలేదు. పాల్గొన్నది పదిమంది పిల్లలే, పైగా ఆ వెలుగు మామూలు టాబ్లెట్ వెలుగు కన్నా చాలా ఎక్కువ. కాబట్టి 'పది నిమిషాలు ఫోన్ చూస్తే నిద్ర గల్లంతు' అనడానికి ఇది సాక్ష్యం కాదు. చిన్న వయసు కళ్లకు వెలుగు గట్టిగా తగులుతుందనడానికి సాక్ష్యం, అంతవరకే.

శని, ఆదివారాల సంగతి కూడా ఇందులోదే. వారమంతా 6:30కి లేచి సెలవు రోజుల్లో 9:30 దాకా పడుకుంటే ఒంటి గడియారానికి అది రెండు వేర్వేరు దేశాల్లో బతికినట్టే. జర్మన్ పరిశోధకుడు టిల్ రోనెన్‌బర్గ్ బృందం దీన్నే 'సోషల్ జెట్‌లాగ్' అంది. అలాగని వారాంతపు నిద్ర తప్పు అనలేం. వారమంతా నిద్ర చాలని పిల్లలకు ఆ అదనపు గంట నిజమైన అవసరం.

టీనేజ్ పిల్లల విషయంలో లెక్క మారుతుంది

యుక్తవయసు వచ్చేసరికి ఈ గడియారం దానంతటదే ఆలస్యం వైపు జరుగుతుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్‌కాడన్ పరిశోధనల్లో ఇది స్పష్టంగా తేలింది. ఈ వయసులో నిద్ర ఒత్తిడి కూడా మెల్లగా పేరుకుంటుంది. పదిహేనేళ్ల అబ్బాయికి రాత్రి 11 దాకా నిద్ర రాకపోవడానికి ఫోన్ ఒక్కటే కారణం కాదు, ఫోన్ దాన్ని ఇంకాస్త ముదురుస్తుంది. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు కావాలి. 11కి పడుకుంటే కనీస లెక్కన చూసినా లేవాల్సింది ఏడింటికి. 7:30కి క్లాసు మొదలైతే ఈ కూడికలు ఎలా వేసినా కుదరవు.

అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లో పెద్ద తరగతులు పొద్దున 8:30కి ముందు మొదలుకాకూడదని సూచించింది. కాలిఫోర్నియాలో 2019లో చట్టం చేశారు, 2022 నుంచి చాలా హైస్కూళ్లకు అది అమల్లోకి వచ్చింది. అవతలివైపు వాదనా తీసిపారేసేది కాదు. బస్సుల ఏర్పాట్లు, సాయంత్రపు ఆటలు, తల్లిదండ్రుల ఆఫీసు వేళలు అన్నీ తలకిందులవుతాయి. స్కూలు వేళ మారని చోట ఇంట్లో ఎంత చక్కటి దినచర్య పాటించినా కొంత లోటు ఉండిపోతుంది. ఆ లోటును పిల్లవాడి బద్ధకం ఖాతాలో వేయడం అన్యాయం.

21 రోజులు అన్న లెక్క ఎక్కడిది

ఈ అంకె తరచూ మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లి ఆగుతుంది. మారిన తమ ముఖానికి రోగులు అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశాడు. కాలక్రమంలో అందులోని 'కనీసం' రాలిపోయింది. ముఖం సంగతి కూడా మాయమై, ఏ అలవాటుకైనా 21 రోజులే అన్న మాట మిగిలింది.

యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం అలవాటును నిజంగానే కొలిచి చూసింది. 96 మంది పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో చిన్న పనిని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో, 12 వారాలు చేశారు. పని అప్రయత్నంగా జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషికీ పనికీ తేడా మాత్రం విపరీతం, 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. (పరిశోధన సాగింది 84 రోజులే కనుక ఆ పెద్ద అంకె గణితపు అంచనా.) గ్లాసు నీళ్లు తాగడం లాంటివి త్వరగా కుదిరాయి, వ్యాయామాలకు చాలా ఎక్కువ కాలం పట్టింది. ఒకరోజు తప్పినంత మాత్రాన కథ మొదటికి రాలేదని కూడా తేలింది.

ఇది పెద్దవాళ్ల లెక్క, పిల్లలకు అచ్చంగా అతికించలేం. అయినా ఒక కూడిక చేసి చూడొచ్చు. భోజనం కాగానే బ్యాగు సర్ది తలుపు పక్కన పెట్టడం అనే పనికి 66 సార్లు కావాలనుకుందాం. రోజూ చేస్తే తొమ్మిదిన్నర వారాలు. స్కూలున్న ఐదు రోజులే చేస్తే 13 వారాలు దాటుతుంది, అంటే మూడు నెలలు. మూడో వారంలో "ఇంకా రోజూ చెప్పాల్సి వస్తోంది" అని విసుక్కునేవాళ్లు నిజానికి దారిలో మొదటి మూడో వంతు కూడా దాటలేదు.

గంట కొట్టగానే చేసే పనికన్నా ఇంకో పని వెనకే చేసే పని తేలిగ్గా అతుక్కోవచ్చు, దానికో కారణం ఉంది. రాత్రి ఎనిమిదింటికి బ్యాగు సర్దాలంటే పిల్లవాడు గడియారం మీద కన్నేసి ఉంచాలి. ప్లేటు సింకులో పెట్టాక అంటే ఆ ప్లేటే గుర్తుచేస్తుంది. 'ఫలానాది కాగానే ఫలానాది చేస్తాను' అని ముందే ముడివేసుకున్న నిర్ణయాలు ఎక్కువగా అమలవుతాయని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి.

'రెడీ అవ్వు' అన్న మాటలో ఎన్ని పనులున్నాయి

పొద్దున 7:10. ఏడేళ్ల బాబు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి సాక్సు ఉంది, రెండోది చేతికి తొడుక్కుని దానితో మాట్లాడుతున్నాడు. వంటింట్లోంచి మూడోసారి కేక, "రెడీ అవ్వమన్నానా!" బాబు దృష్టిలో వాడు రెడీ అవుతూనే ఉన్నాడు.

ఆ రెండు మాటల్లో మొహం కడుక్కోవడం, స్నానం, బట్టలు, సాక్సులు, బూట్లు, తల దువ్వుకోవడం, తినడం, నీళ్ల సీసా, డైరీ అన్నీ ఉన్నాయి. వాటి వరస ఏమిటో, ఎంతవరకు వచ్చామో, ఇంకా ఎంత టైం ఉందో అన్నీ ఒకేసారి బుర్రలో పెట్టుకుని నడవాలి. పెద్దవాళ్లకు ఇది ఎప్పుడో అలవాటుగా మారిపోయింది, అందుకే ఇందులో ఇన్ని మెట్లున్నాయని గుర్తే ఉండదు. పిల్లలకు ఇంకా ఇది ముందుచూపుతో చేయాల్సిన పనే, వాళ్ల దగ్గర తక్కువగా ఉన్నదీ అదే.

టైం అంచనా విషయానికొస్తే పెద్దవాళ్లూ ఏమంత గొప్ప కాదు. మన పనికి పట్టే సమయాన్ని తక్కువ అంచనా వేసుకుంటామని మనస్తత్వవేత్తలు డానియెల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. ఇంట్లో 'ముప్పావు గంట చాలు' అనే పొద్దుటి లెక్కను ఓసారి విడదీసి చూస్తే సంగతి తెలుస్తుంది. లేవడానికి 10 నిమిషాలు, బాత్రూం పనులకు 20, బట్టలకు 10, తినడానికి 20, బూట్లూ బ్యాగుకు 5. మొత్తం 65 నిమిషాలు. ఆ లోటు 20 నిమిషాలే రోజూ కేకలుగా మారేది. కేకలు వేస్తే లోటు తగ్గదు, కంగారుకు ఇంకో ఐదు నిమిషాలు కలుస్తాయి.

గోడ మీద బొమ్మల వరస పెట్టడం, బట్టలు రాత్రే తీసి పెట్టడం పనిచేసేది ఇందుకే. గుర్తుపెట్టుకోవాల్సిన బరువు పిల్లల బుర్ర నుంచి గోడ మీదికి మారుతుంది. దీని మీద ఒక అభ్యంతరం ఉంది: అన్నీ అమర్చిపెడితే పిల్లలు నేర్చుకునేది ఎప్పుడు? న్యాయమైన ప్రశ్నే. పిల్లలు ఒంటరిగా చేయలేనిది, కాస్త చేయూతతో చేయగలిగినది ఒకటి ఉంటుందనీ, చేయూతను వాళ్లకు చేతనైనకొద్దీ తగ్గించుకుంటూ పోవడమే నేర్పడమనీ విద్యా మనస్తత్వవేత్తలు చాలాకాలంగా అంటున్నారు. ఆరో తరగతిలో కూడా అమ్మే బ్యాగు సర్దుతోందంటే చేయూత తీయడం మరిచిపోయారన్నమాట. మొదటి తరగతిలో సర్దితే అలా కాదు.

స్టార్ల చార్టు మీద తెగని వాదన

బహుమతులు ఆసక్తిని చంపేస్తాయన్న వాదనకు మూలం 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం. బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని మూడు జట్లు చేశారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ఒక జట్టుకు ముందే చెప్పారు. రెండో జట్టుకు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, ముందే ఆశ చూపిన జట్టు ఖాళీ సమయంలో బొమ్మలు గీసింది మిగతావాళ్లలో సగమే.

ఈ ఫలితాన్ని చాలామంది పళ్లు తోముకోవడానికి స్టార్ ఇవ్వడం మీద కూడా మోపుతారు. అక్కడే తిరకాసు. ప్రయోగంలో పిల్లలకు ఆ పని ముందే ఇష్టం. పళ్లు తోముకోవడం మీద పోగొట్టుకోవడానికి ఇష్టమంటూ ఎంతుంది కనుక? 1999లో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ కోస్ట్నర్, రిచర్డ్ రయాన్ 128 ప్రయోగాలను కలిపి చూశారు. ముందే మాటిచ్చిన వస్తు రూప బహుమతులు ఆసక్తికరమైన పనుల మీద ఇష్టాన్ని తగ్గించాయి, విసుగు పుట్టించే పనుల మీద అలాంటి నష్టం కనబడలేదు. అంతకుముందు 1994లో జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ ఇదే విధంగా లెక్కలు కలిపి, బహుమతుల భయం అతిగా పెంచిందేనని వాదించారు. ఆ పేచీ పూర్తిగా తెగలేదు.

రెండు పక్షాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అనిపించేది ఇది: బ్యాగు సర్దడం, పళ్లు తోమడం లాంటి వాటికి కొన్ని వారాల చార్టు వల్ల పెద్ద ముప్పు లేదు, పని అలవాటయ్యేదాకా అది నెట్టుకొస్తుంది. కథల పుస్తకాలు చదవడానికి స్టార్లు ఇవ్వడం మాత్రం వేరే సంగతి. అదే పిల్లలకు సహజంగా ఇష్టం పుట్టే చోటు.

పట్టుబట్టే ఇళ్లు, వదిలేసే ఇళ్లు

మనస్తత్వవేత్త డయానా బౌమ్రిండ్ 1960లలో తల్లిదండ్రుల తీరును మూడు రకాలుగా చెప్పింది: ఎదురుచెప్పనివ్వకుండా శాసించేవాళ్లు, దేనికీ అడ్డుచెప్పనివాళ్లు, నియమం పెట్టి దాని కారణమూ చెప్పేవాళ్లు. మూడో తీరుకే పరిశోధనల మద్దతు ఎక్కువ. పిల్లల వైపునుంచి చూస్తే 'పడుకునేది తొమ్మిదింటికే' అన్నది కదలదు, 'ముందు స్నానమా, కథా' అన్నది వాళ్ల ఇష్టం.

దినచర్య ఉన్న ఇళ్లలో పిల్లలు మెరుగ్గా ఉంటారన్న మాట కూడా తరచూ వింటాం. బార్బరా ఫీస్ బృందం 2002లో యాభై ఏళ్ల పరిశోధనలను తిరగేసి అలాంటి సంబంధం ఉందనే చెప్పింది. కాకపోతే సంబంధం వేరు, కారణం వేరు. టెన్షన్ లేని ఇళ్లలో దినచర్య నిలబెట్టుకోవడమూ తేలికే. ఏది దేనికి దారితీసిందో ఇలాంటి పోలికలు తేల్చలేవు. పసిపిల్లల నిద్ర విషయంలో మాత్రం ప్రయోగం చేసి చూశారు. జోడీ మిండెల్ బృందం 2009లో 405 మంది తల్లులతో చేసిన అధ్యయనంలో స్నానం, మర్దన, నిశ్శబ్దంగా గడిపే కాసేపు అనే వరసను రోజూ పాటించిన ఇళ్లలో పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రిళ్లు లేవడం తగ్గింది. తల్లుల మనఃస్థితి కూడా మెరుగుపడింది. ఆ పిల్లలంతా మూడేళ్లలోపువాళ్లు. ఆ ఫలితాన్ని పదేళ్ల పిల్లల హోంవర్క్ వేళకు అరువు తెచ్చుకోకూడదు.

హోంవర్క్ మీద పరిశోధకుడు హారిస్ కూపర్ లెక్కలు చెప్పేది ఇంకోలా ఉంది. చదువులో ఫలితాలకూ హోంవర్క్‌కూ ఉన్న సంబంధం పై తరగతుల్లో బలంగా, చిన్న తరగతుల్లో బలహీనంగా కనిపించింది. రెండో తరగతి పిల్లవాడిని గంటన్నర కూర్చోబెట్టే టైంటేబుల్‌కు ఆధారం దొరకడం కష్టం.

టైంటేబుల్‌లో ఇమడని ఇళ్లు

షిఫ్టుల్లో పనిచేసే తల్లిదండ్రులున్న ఇంట్లో 'రోజూ ఒకే వేళ' అన్నది మాటవరసకే ఉంటుంది. ఇద్దరు పెద్దల మధ్య, రెండు ఇళ్ల మధ్య తిరిగే పిల్లల సంగతీ అంతే. ఇలాంటి చోట గడియారం కన్నా వరస అక్కరకొస్తుంది. ఎవరున్నా, ఎన్నింటికైనా, స్నానం తర్వాత బట్టలు తీసి పెట్టడం, ఆ తర్వాత కథ, ఆ తర్వాత లైటు. వేళ అరగంట అటూఇటూ అయినా వరస చెదరకపోతే అలవాటుకు కావలసిన ఆనవాలు మిగులుతుంది. ఒంటి గడియారం మాత్రం అంత ఉదారంగా ఉండదు, దానికి లేచే వేళ ఒకటైనా నిలకడగా ఉండాలి.

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, తమను తాము అదుపు చేసుకోవడం కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లలకు అసలు లోటే ముందుచూపులో, టైం అంచనాలో. తోటివాళ్లకు రెండేళ్లు వాడేసరికే అక్కర్లేకుండా పోయిన గోడమీది బొమ్మలు వీళ్లకు ఇంకా చాలాకాలం అవసరమవుతాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇబ్బంది ఇంకో దిక్కు నుంచి వస్తుంది. దినచర్య గట్టిగా కుదురుకున్నాక అందులో చిన్న మార్పు కూడా కలవరపెడుతుంది, కాబట్టి మార్పు రాబోతోందని ముందే చెప్పడం కూడా దినచర్యలో భాగమవుతుంది. ఇక వారాలు గడిచినా నిద్ర కుదరకపోవడం, గట్టిగా గురకపెట్టడం, స్కూలన్న మాట వినగానే రోజూ కడుపునొప్పి రావడం లాంటివి ఈ మూడు లెక్కల్లో దేనికీ అందవు. అవి పిల్లల డాక్టరు చూడాల్సినవి.